భాగ్యనగరమున కోఠీ పేట



నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొనిన విషయము హైదరాబాదు నగరమున కోఠీ యను పేట. పల్లెటూరి వృద్ధుడొకడు పట్టణపు వీధులను గూర్చి పల్లెటూరి వృద్ధులకే చెప్పబూనుట వింతగా తోపవచ్చును. కాని దానికి కారణము లేకపోలేదు. మా నడికుడి రైలుదారుల కూడలి. గుంటూరునుండి వచ్చు దారి, మాచెర్లకు పోవు దారి, కృష్ణను దాటి విష్ణుపురము, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికింద్రాబాదు చేరు దారి, ఈ మూడును ఇచ్చట కలియుచున్నవి. ఆ మూడవ దారిని మన పిల్లలు తండోపతండములుగా పోవుచున్నారు. చదువునకు పోవువారు కొందరు, కొలువునకు పోవువారు కొందరు, కూలికి పోవువారు మరికొందరు. అచ్చట వారు ఎట్టివారి నడుమ కాపురముండుచున్నారో, ఏమి తినుచున్నారో, ఏ చెట్టు నీడను కూర్చుండుచున్నారో మనలో పెక్కుమందికి తెలియదు. తెలియకున్నను తీర్పులు మాత్రము మన రచ్చబండలమీద ప్రతిదినమును జరుగుచునే యున్నవి.

అట్టి తీర్పులలో నొకదానివలన, నే నెరిగిన యొక ఆడుబిడ్డ చదువు ఆగిపోయినది. ఆమెకు హైదరాబాదున పై చదువునకు చోటు దొరకినది. ఇంటి పెద్దలును ఇరుగుపొరుగు పెద్దలును కూర్చుండి, అన్ని మతములవారును అన్ని భాషలవారును కలగాపులగముగా నుండు తావునకు పిల్లను పంపరాదనియు, అచ్చటి కూడు తిన్నచో ఆచారము చెడుననియు తేల్చిరి. ఆ మాటలలో నన్నెవరును పిలువలేదు. పిలిచియున్నచో నేను చెప్పియుండెడి మాటలే ఇప్పుడు మీకు చెప్పుచున్నాను. మా చిన్నకుమారుడు ఆ ప్రాంతముననే కాపురముండుటచేత నేను ఆ వీధులలో పెక్కు పర్యాయములు నడచియున్నాను. మనుమరాలు చేతికఱ్ఱవలె నా వెంట వచ్చెడిది.

ముందుగా ఆ పేరు సంగతి. కోఠీ యనగా నూఱు లక్షల కోటి కాదు, శత్రువులను అడ్డు కోటయు కాదు. కోఠీ యనగా పెద్ద మేడ. ఆంగ్లేయుల ప్రతినిధి, అనగా రెసిడెంటు, కాపురముండిన మేడను జనులు కోఠీ యనిరి. మేడ పేరే పేటకును వచ్చినది. ఆ చుట్టుపట్ల పేర్లన్నియు ఇట్టివే. బడీ చౌడీ యనునది మన పెద్ద చావడి. పుత్లీబౌలీ యనుచోట బౌలీ యనగా దిగుడుబావి. గౌళిగూడ యనునది గొల్లల గూడెమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆబిడ్స్ అను వీధికి ఆ పేరు, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా దేశపు యూదునివలన వచ్చినదని చెప్పుదురు. అర్ధక్రోశపు దూరములో ఇన్ని భాషల మాటలు దొర్లుచుండగా నావంటి వ్యాకరణము చదివినవానికి నడక సాగదు. ప్రతి పలకయొద్దను నిలువబడుచుంటినని మనుమరాలు విసుగుకొన్నది.

రెసిడెంటు మేడను 1803 ప్రాంతమున జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ అనువాడు కట్టింప మొదలిడెను. ఇతడు నిజాము కొలువులోని పెద్దల కుటుంబమునకు చెందిన ఖైరున్నీసా బేగమును వివాహమాడినవాడు. మేడకు రూపము గీచినవాడు మదరాసు ఇంజనీర్ల పటాలమునకు చెందిన సామ్యూల్ రస్సెల్. ఆ మేడ చుట్టునుండు అంగళ్ల వీధులు నిజాము అధికారమునకు లోబడక, రెసిడెంటు ఏలుబడిలో నుండెడివి. వానిని రెసిడెన్సీ బజారు లనెడివారు. ఈ పేట ఇన్ని జాతుల కూటమి యగుటకు మూలకారణము ఇచ్చటనే యున్నది. రాజుగారి పన్నులకును కట్టుబాట్లకును ఎడమై, వ్యాపారమునకు రక్షణ కలిగిన తావని గుజరాతు, మార్వాడ దేశముల సాహుకార్లు వచ్చి దుకాణములు పెట్టిరి. మరాఠీ దేశమునుండి వకీళ్లును ఉపాధ్యాయులును వచ్చిరి. నిజాము రాజ్యమున బాహాటముగా సాగని సభలు ఇచ్చట సాగెను. 1892లో ఆర్యసమాజము ఇచ్చట నెలకొన్నది. 1933లో ఆ వీధులు తిరిగి నిజామునకు చెందినవి. అప్పటినుండి సుల్తాన్ బజారను పేరు వాడుకలోనికి వచ్చినది.

ఆంగ్లేయుల రక్షణ యన్నంతమాత్రమున అచ్చటివారందరును వారికి దాసులని తలపరాదు. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను అను నిద్దరు నాయకులు జనులను వెంటబెట్టుకొని ఆ మేడమీదికే దండెత్తిరి. అందులకు వారు మాటుగా ఆక్రమించినవి పుత్లీబౌలీ యొద్ద నుండిన ఇద్దరు సాహుకార్ల ఇండ్లు. ఒకరు అబ్బన్ సాహేబు, మరొకరు జయగోపాలదాసు. ఒక తురక ఇల్లు, ఒక హిందువు ఇల్లు పక్కపక్కన నుండినవని ఇందువలన తెలియుచున్నది. దండయాత్ర విఫలమైనది. తుర్రెబాజ్ ఖాను ప్రాణము కోల్పోయెను. మౌల్వీని అండమాను దీవులకు పంపిరి.

ఇక కూటి సంగతి. మన పెద్దల భయమంతయు దీనియందే గదా!

ఉదయముననే బయలుదేరినవానికి మొదట కానవచ్చునది ఇరానీ హోటలు. ఇరాను దేశమునుండి బొంబాయి మీదుగా వచ్చినవారు పెట్టిన తేనీటి యంగళ్లు ఇవి. వీరి చాయ చేయు పద్ధతి వేఱు. తేయాకు కషాయమును మూతబిగించి సన్నని సెగమీద చాలసేపు మరిగింతురు. పాలను వేఱుగా కాచి చిక్కబరతురు. అడిగినప్పుడు రెండింటిని కలిపి పోయుదురు. దానితో ఉస్మానియా బిస్కత్తని కొంచెము ఉప్పు, కొంచెము తీపి కలిగిన దొకటి ఇత్తురు. పాలరాతి బల్లచుట్టు కూర్చుండినవారిలో ఆస్పత్రికి వచ్చిన రైతు, పుస్తకముల మూటతో విద్యార్థి, మసీదునుండి వచ్చిన ముసలివాడు, జందెము కనబడుచున్న పురోహితుడు నుందురు. అందరికి నొకే రకపు గిన్నె, ఒకే పళ్లెరము. మన యూళ్లలో కొన్నిచోట్ల ఇటీవలి కాలమువరకును తేనీటి యంగళ్లలో కొందరికి వేఱు గ్లాసు లుండెడి సంగతి మీరెరుగనిది కాదు.

అచ్చటినుండి లోపలి సందులకు పోయినచో గుజరాతీ, మార్వాడీ మిఠాయి దుకాణములు. కచోడీలు, శనగపిండితో నావిరిమీద నుడికించిన ఢోక్లాలు, వేడి జిలేబులు, నేతివాసన. ఇందు చాల దుకాణములలో మాంసము మాట యటుంచి ఉల్లి వెల్లుల్లి సయితము పొయ్యి దరికి రానియ్యని జైనుల వంటయు కలదు. ఆచారము చెడునని భయపడువారు ఈ వంటను చూచిన, మన యాచారమే సడలినదని సిగ్గుపడవలసి వచ్చును. మరాఠీవారి పూటకూటి యింట పూరణ్ పోళీ యని పెట్టినది మన బొబ్బట్టే. భాకరీ యని పెట్టినది మన జొన్నరొట్టె. దాని పక్కన శనగపిండి ఉడికించిన పిఠలా, పచ్చిమిరప నూరిన కారము. పల్నాటివాడు దానిని తినుటకు క్రొత్తగా నేర్వవలసినది ఏమియు లేదు. జొన్నరొట్టెను మన యిండ్లలో పిల్లలు ముట్టకున్నారు. అచ్చట వెలయిచ్చి తినుచున్నారు. ఈ విడ్డూరమునకు నేను చేయగలిగినది లేదు.

మొజంజాహీ మార్కెట్టు 1935లో నల్లరాతితో కట్టిన పెద్ద అంగడి. ఏడవ నిజాము రెండవ కుమారుని పేర దానిని నిలిపిరి. అచ్చట సీతాఫలము మొదలగు పండ్లగుజ్జుతో చేసిన మంచు మీగడ దొరకును. దాని యెదుటనే, దేశవిభజనకాలమున సింధునుండి సర్వమును విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ యనువారు 1953లో కరాచీ బేకరీని పెట్టిరి. పోగొట్టుకొన్న యూరిపేరు బిస్కత్తుపెట్టెమీద నిలిపికొన్న వారిని తలచుకొనిన జాలియు గౌరవమును కలుగును. రంజాను మాసమున హలీము దొరకును. గోధుమలు, పప్పు, మాంసము కలిపి గంటలకొలది ఉడికించి కఱ్ఱతో మెదిపి చేయుదురు. అరబ్బుల హరీసునుండి వచ్చినది. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. నేను శాకాహారిని గనుక రుచిని గూర్చి సాక్ష్యము పలుకజాలను. సాయంకాలము ఉపవాసము విడుచువేళ ఆ బట్టీలయొద్ద హిందువులు సగముమంది వరుసలో నిలిచియుండుట మాత్రము కన్నులార చూచితిని.

బేగంబజారు కొంచెము ఎడము. ఇచ్చట ఇత్తడి రాగి సామానులు, ఎండుపండ్లు, సుగంధద్రవ్యములు టోకున నమ్ముదురు. ఒక కొట్టులో ఎండుమిరప గుట్టను చూచి ఎచ్చటిదని యడిగితిని. మార్వాడీ సేటు తెలుగుననే, "గుంటూరు మాల్, పెద్దాయనా! ఇంత ఘాటు ఇంకెక్కడ పండుతుంది?" అనెను. మాది ఆ దిక్కే యనగా, దాచేపల్లి తెలుసును, పిడుగురాళ్ల తెలుసును అని ఊళ్లపేర్లు లెక్కపెట్టెను. మన సరకు వారి నెరిగియున్నది. వారును మనల నెరుగుదురు. మనమే వారి నెరుగము.

ఇప్పుడు గౌళిగూడకు వత్తును. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

1832లో దివాను చందూలాలు కాలమున లాహోరునుండి మహారాజా రంజీత్‌సింగుని సైన్యములోని సిక్కుల దళమొకటి హైదరాబాదునకు వచ్చెను. వారిలో పెక్కుమంది తిరిగి పోక ఇచ్చటనే నిలిచిపోయిరి. వారి సంతతివారిని దక్కనీ సిక్కులందురు. తలపాగ, గడ్డము పంజాబువారివే. నోట పలుకు మాత్రము తెలుగును దక్కనీ ఉర్దూయును. గౌళిగూడలో వారి గురుద్వారము కలదు. కాళ్లు కడుగుకొని, తలమీద రుమాలు కప్పుకొని యెవరైనను లోనికి పోవచ్చును. ప్రార్థన యైనపిదప లంగరు, అనగా సామూహిక భోజనము. నేలమీద పొడుగుపాటి పట్టాలు పరచియుండును. అందరును ఒకే పంక్తిలో కూర్చుండవలెను. ఎత్తుపీట యెవరికిని లేదు. గురునానకుని కాలమునుండి ఈ మర్యాద సాగుచున్నదనియు, మూడవ గురువైన అమరదాసు తన దర్శనమునకు వచ్చినవారిని ముందు పంక్తిలో భోజనము చేసి రమ్మనెడివాడనియు వారు చెప్పుదురు.

నేను శౌచవిధులు చదివి, పరాన్నమును గూర్చిన నిషేధములు కంఠస్థము చేసినవాడను. మనుమరాలు నా ముఖము చూచి, "తాతయ్యా, నీవు బయట కూర్చుండు, నేను తినివత్తును" అన్నది. నేను కూర్చుంటిని. నాకు కుడిప్రక్క ఆటోబండి నడుపువాడు, ఎడమప్రక్క మనుమరాలు, ఆవల పట్టుచీర కట్టిన యొక సేటుగారి యిల్లాలు, ఆమె ప్రక్కన వీధులు ఊడ్చు స్త్రీ, పని దుస్తులతోనే. ఎవరు ఎవరని ఎవరును అడుగలేదు. తెల్లని గడ్డముగల వృద్ధ సిక్కు ఒకడు రొట్టెలు వడ్డించుచు, రెండు చేతులు చాపి తీసికొమ్మని సైగచేసి, "పంతులుగారూ, ఇంకొక రొట్టె తీసుకోండి, సిగ్గు వద్దు" అనెను. రొట్టె, పప్పు, పాయసము. శుద్ధ శాకాహారము. తిన్న పళ్లెరములను కడుగువారిలో చేతికి బంగారు గడియారము కట్టినవాడొకడు కనబడెను.

అయ్యలారా, ఆ పంక్తిలో కూర్చుండినంతసేపును నాకు కారెంపూడి జ్ఞాపకము వచ్చుచుండెను. మన పల్నాటికి లోకమున గొప్ప పేరు తెచ్చినవి రెండు: ఒకటి పోరు, రెండవది చాపకూడు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. మాలకులమున పుట్టిన కన్నమదాసును కుమారునిగా చేపట్టి సేనానిని చేసెను. గురునానకు పుట్టుటకు సుమారు మూడు వందల యేండ్ల పూర్వపు మాట ఇది. నేటికిని కార్తిక అమావాస్యతో మొదలగు వీరుల యుత్సవములలో నాగులేటి యొడ్డున మందపోరునాడు చాపకూడు పెట్టుచున్నాము. ఆనాడు కన్నులకద్దుకొని తిందుము. మఱునాడు ఊరికి వచ్చి, పెండ్లిలో ఎవరి పంక్తి యెచ్చటనో తాళ్లుగట్టి విడదీయుదుము. బ్రహ్మనాయుడు పెట్టిన కూటిని మనము ఏటికొకనాటి ప్రసాదము చేసికొంటిమి. గౌళిగూడలో దానివంటిదానిని ప్రతిదినము పప్పు రొట్టెగా వడ్డించుచున్నారు. అట్టి కూడు తిన్నందువలన మన పిల్లకు ఆచారము చెడునన్నచో, కారెంపూడికి మనమేల పోవుచున్నామో ముందు చెప్పవలెను.

ఇంతమాత్రముచేత కోఠీ స్వర్గమని నేను చెప్పబోను. ఇల్లు అద్దెకిచ్చుటకు ముందు కులమేమని, మాంసము తిందురా యని అడుగువారు అచ్చటను కలరు. పలుభాషలవారు ఒకచోట నున్నంతమాత్రమున ఒకరినొకరు గౌరవింతురను నియమమును లేదు. దీనికి ఆ పేటలోనే గొప్ప నిదర్శనము జరిగినది. 1907లో మరాఠీ పెద్దలు వివేకవర్ధినీ పాఠశాలను స్థాపించిరి. చాల మంచి విద్యాలయము. 1921 నవంబరులో ఆ ఆవరణలోని నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగెను. ఉర్దూలోను, మరాఠీలోను, ఆంగ్లమునను ఉపన్యాసము లైనవి, అందరును విన్నారు. అల్లంపల్లి వేంకటరామారావను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే సభలోనివారు నవ్వి, అల్లరి చేసి, కూర్చుండబెట్టిరి. ఆ రాజ్యమున అత్యధికుల భాష తెలుగు. దానికి ఆ సభలో పట్టిన గతి యది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును నెలకొల్పిరి. మాడపాటి హనుమంతరావు పంతులుగారు దానికి ప్రాణమైరి. తరువాత వచ్చిన ఆంధ్రమహాసభకును, తెలంగాణమున తెలుగు మేలుకొనుటకును ఆ యవమానమే బీజము.

ఆ అవమానమునకు ఇరువదేండ్లు ముందే ఆ పేటలో తెలుగునకొక గూడు ఏర్పడియుండెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు గార్లు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. సుల్తాన్ బజారులో అది నేటికిని ఉన్నది. లక్ష్మణరావుగారే 1906లో విజ్ఞానచంద్రికా మండలిని హైదరాబాదులో మొదలిడిరి. చరిత్రమును ప్రకృతిశాస్త్రములను తేట తెలుగున వ్రాయించినది ఆ మండలియే. నేను ఆ నిలయములో ఒక మధ్యాహ్నము గడిపితిని. బల్లలయొద్ద కూర్చుండిన యువకులు చాలమంది కొలువుల పరీక్షలకు చదువుకొనుచుండిరి. పాత పత్రికల యొద్దకు వచ్చువారు తక్కువ. అయినను, ఏ భాష కా భాష తన దీపము తానే వెలిగించుకొనిన పిదపనే ఇరుగుపొరుగుతో సరిసమానముగా కూర్చుండగలదని ఆ గదిలో నాకు తోచెను. మన పిల్లలు పట్టణము పోవునపుడు జొన్నరొట్టెయైనను మఱచిపోవచ్చును గాని తెలుగు చదువును మఱచిపోరాదు. ఈ భయము నాకును కలదు. అది కూటి భయముకంటె చాల పెద్దది.

ఆటపాటలను గూర్చి ఒక్క మాట. మహాలయ అమావాస్యనుండి తెలంగాణపు స్త్రీలు బతుకమ్మను ఆడుదురు. తంగేడు, గునుగు మొదలగు పూవులను దొంతరలుగా పేర్చి, దాని చుట్టు వలయముగా తిరిగి చప్పట్లు చరచుచు పాడుదురు. మఱునాటినుండియే గుజరాతీ స్త్రీలు గర్బా ఆడుదురు. చిల్లుల కుండలో దీపము పెట్టి దాని చుట్టు వలయముగా తిరిగి చప్పట్లు చరతురు. గర్బా యను మాట సంస్కృతమున గర్భదీపమునుండి వచ్చినదందురు. ఒకరికి నడుమ పూవు, ఒకరికి నడుమ దీపము. మా మనుమరాలు మొదటి జాములో ఒకచోట, రెండవ జాములో ఇంకొకచోట ఆడి, మూడవ జామున ఇల్లు చేరి తల్లిచేత చీవాట్లు తినెడిది.

ఇక చెట్లు. ఆ వీధులలో చెట్టులేదన్నచో అబద్ధము కాదు. అంగడిమీద అంగడి, దానిమీద మేడ. సుల్తాన్ బజారు నడుమనుండి మెట్రో రైలుదారి వేయబోగా వర్తకులు చాలకాలము ఎదిరించిరి. కొన్ని పాత కట్టడములు పోయినవి. 2020 ఫిబ్రవరి 7వ తేదీన రైలు నడచినది. ప్రయాణపు సౌఖ్యము కలిగినమాట నిజము. వీధిలో పగటివెలుతురు తగ్గినమాటయు నిజము. అట్టిచోట పచ్చదనము నిలిచినది పాత రెసిడెన్సీ తోటలోనే. 1924లో పుట్టిన మహిళాకళాశాల 1949లో ఆ మేడలోనికి వచ్చినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఏ మేడమీదికి తుర్రెబాజ్ ఖాను దండెత్తెనో, ఆ మేడ మెట్లమీద రాతిసింహముల ప్రక్కన ఊళ్లనుండి వచ్చిన ఆడుపిల్లలు కూర్చుండి పాఠములు వల్లించుచున్నారు. మేడ చాలకాలము శిథిలమై యుండి, ఇటీవల మరమ్మతు పొందినది. ముదిమి చెట్ల నీడ అచ్చట ఇంకను దట్టముగానే యున్నది. ఆడుబిడ్డను పంపుటకు భయపడు తలిదండ్రులు ఒకసారి పోయి ఆ తోటను చూచి రావచ్చును.

నాంపల్లిలోని బాగేఆం కొంచెము దూరము. దానిని గూర్చి ఎక్కువ చెప్పను. ఉదయము నడచువారికి మంచి తావు. అందొక పురావస్తుశాలయు కలదు.

నేను మఱచిపోలేనిది వేఱొక చెట్టు. కోఠీనుండి అఫ్జల్‌గంజు వైపు మెల్లగా నడచినచో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణ వచ్చును. అందు మూసీనదికి దాపున ఒక చింతచెట్టున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయిరి. అమ్జద్ హైదరాబాదీ యను ఉర్దూ కవి తల్లిని, భార్యను, బిడ్డను ఆ వరదకే బలియిచ్చి, ఒంటరిగా బ్రదికెను. ఆనాడు ఆ చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ కొమ్మలమీద ఎవరి ప్రక్కన ఎవరుండిరో! ఏ కొమ్మ ఏ కులమునకని విచారించు తీరిక ఆ రాత్రి యెవరికి కలిగియుండును?

వరద తీసిన పిదప నిజాము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన సలహామీద మూసీకిని దాని యుపనదియైన ఈసాకును ఎగువన ఆనకట్టలు కట్టిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడి ఇరుకు సందులను విప్పి తోటలు పెట్టించెను. అనగా ఆ నగరమున చెట్టు నీడ వేడుకకొఱకు పుట్టినది కాదు; చావును చూచిన పిదప పుట్టినది. మన ప్రాంతమున సున్నపు బట్టీల పొగయు రాళ్ల దుమ్మును పెరుగుచున్నవి. ఊరి చింతతోపులు కలపకు పోవుచున్నవి. తోపు కొట్టునాడు వేలమువేయు పెద్దలు ఆ ఆస్పత్రి ఆవరణకు పోయి ఆ మ్రాను మొదట కొంచెముసేపు నిలుచుండిన బాగుండును.

పోదలచినవారికి దారి చెప్పి ముగింతును. నడికుడిలో రైలెక్కి సికింద్రాబాదున దిగవలెను. అచ్చట పడమటివైపున నున్న మెట్రో స్టేషనులో ఎక్కిన సుల్తాన్ బజారులోనే దింపును. వేసవిలో పోవలదు, కార్తికము మంచిది. గురుద్వారమునకు పోవువారు తలకు రుమాలు తీసికొనిపోవలెను. చింతచెట్టును చూడదలచినవారు రోగుల తొక్కిడి తక్కువగానుండు వేళ పోయి, ఆస్పత్రి వాకిటనున్న పండ్లబండ్లవారి నడిగిన, వారు తెలుగుననో ఉర్దూననో దారి చూపుదురు.